దస్తగిరవ్వ ఆగిన చోట్లు

ఖాదర్‌వలి తెచ్చిన ఫారంలో పది గళ్లున్నాయి. పేరు మౌలాబీ అని రాశాను. వయసు యాభై ఎనిమిది. ఊరు మార్కాపురం. ఎన్నేళ్ల నుంచి పిల్లలకు ఖురాన్ చదువు చెబుతున్నారు అంటే ఇరవై ఆరు అని వేశాను. ఏడో గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. ‘మీ ఉస్తాద్ పేరు, వారి సర్టిఫికెట్ వివరాలు’ అని ఉందక్కడ. నీకు చదువు చెప్పిన గురువెవరు, ఆ గురువుకున్న కాగితమేంటి అని అడుగుతున్నారన్న మాట.

“సర్టిఫికెట్ లేకుంటే ఇంట్లో నేర్చుకున్న్యా అని రాయక్కా, సరిపోతాది,” అన్నాడు ఖాదర్‌వలి.

అతను మసీదు కమిటీకి సెక్రటరీ. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మా తమ్ముడి ఈడువాడు, చెడ్డవాడేం కాదు. కానీ ఏ సంగతైనా అరనిమిషంలో తేల్చేసే మనుషులంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. నాకు చదువు చెప్పింది ఇల్లు కాదు, దస్తగిరవ్వ. ఆమె పలకల ఫ్యాక్టరీలో కూలి. సర్టిఫికెట్ అన్న మాటకు ఎదురుగా రాయడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ‘ఇంట్లో’ అని రాయడానికి మనసొప్పలేదు. ఆమె పేరు రాసి పక్కన ‘లేదు’ అని పెట్టడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు పడ్డందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. గడి ఖాళీగా వదిలేసి ఫారం ఇచ్చేశాను.

సంగతేంటంటే, మా మసీదుకు ఎవరో దాత ఆరు ట్యాబ్‌లు ఇచ్చాడు. వాటిలో ఖురాన్ చదవడం నేర్పే యాప్ ఉంది. అందులో ఉన్నది ఏఐ అట. ముందు కూర్చుని చదివితే వింటుంది. గొంతులోంచి రావాల్సిన అక్షరం నాలిక చివర నుంచి వస్తే పట్టుకుంటుంది. సాగదీయాల్సిన చోట సాగదీయకపోయినా, ఆగకూడని చోట ఆగినా పట్టుకుంటుంది. తప్పున్న చోట తెర మీద ఎర్రగా వెలుగుతుంది. ఆ తర్వాత ఒక ఆడగొంతు, వార్తలు చదివే అమ్మాయి గొంతు, మెత్తగా తెలుగులో చెబుతుంది. మా ఆడపిల్లలు ఒక్క రోజులోనే దానికి ‘టీచర్ ఆంటీ’ అని పేరు పెట్టేశారు.

కమిటీ తీర్మానం ఏమంటే, వీధుల్లో ఖురాన్ బడులు నడిపేవాళ్లంతా ఆ యాప్ ముందు చదివి నూటికి తొంభై తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే బడి అట్లాగే సాగుతుంది, ట్యాబ్ ఒకటి ఉంచుకోవచ్చు. రాకపోతే ఆ బడి పిల్లలు మసీదు మేడ మీద గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేర్చుకుంటారు. నెల రోజులు గడువు. నా దగ్గర పదకొండు మంది ఆడపిల్లలున్నారు. వాళ్లు ఎక్కడైనా నేర్చుకుంటారు, ఆ బెంగ లేదు నాకు. కానీ దస్తగిరవ్వ వాకిట్లో యాభై ఏళ్ల నుంచి సాయంత్రం పూట వినబడుతున్న చదువు నా చేతుల మీద ఆగిపోతే నేను భరించలేను.

దస్తగిరవ్వది కొమరోలు పక్కన పల్లె. వాళ్ల నాయన అక్కడి మసీదులో నమాజుకు పిలుస్తూ బాంగు ఇచ్చేవాడట. మగపిల్లలు లేకపోవడంతో తనకొచ్చిన చదువంతా కూతురికే చెప్పాడు. ఆమె పెళ్లయి మార్కాపురం వచ్చింది. మొగుడు తొందరగా పోయాడు, పిల్లల్లేరు. పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పోయి, గనుల నుంచి వచ్చిన రాతి పొరల్ని అరగదీసి నున్నగా చేసేది. సాయంత్రం వచ్చి మొహం కడుక్కుని మమ్మల్ని కూర్చోబెట్టుకునేది. నేను పెద్దయ్యాక తన చెల్లెలి కొడుకుకే నన్ను కట్టబెట్టింది. అట్లా ఆ వాకిలి నాకొచ్చింది. నేనూ పెళ్లయిన కొత్తలో ఆరేళ్లు అదే ఫ్యాక్టరీలో పలకలకు చట్రాలు బిగించాను.

మేము ఆమెను అవ్వ అనడం మొదలుపెట్టేనాటికి ఆమెకు నలభై ఏళ్లు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తల మీద, కనుబొమల మీద రాతి పొడి ఉండేది. తల తెల్లగా ఉంటే అవ్వే కదా అనుకున్నాం. శుక్రవారం తలస్నానం చేసిందంటే జుట్టు నల్లగా నిగనిగలాడేది. ఆ ఒక్క పూట ఆమెను అవ్వా అని పిలవడానికి మాకు మొహమాటంగా ఉండేది. శనివారం సాయంత్రానికి మళ్లీ అవ్వ అయిపోయేది.

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ. మధ్యలో ఉండాల్సిన ఉర్దూ మాకెప్పుడూ సరిగ్గా కుదరలేదు. అందుకని అవ్వ అరబ్బీ అక్షరాల్ని తెలుగులో పరిచయం చేసేది. దీని కడుపు కింద ఒక చుక్క, దీని నెత్తిన రెండు చుక్కలు, ఇది కొడవలి, ఇది మూతి తెరిచిన సంచి అని చెప్పేది. ఫ్యాక్టరీలో అంచులు విరిగి పక్కన పడేసిన పలకల్ని అడిగి గోనెసంచిలో మోసుకొచ్చేది. వాటికి చట్రాలుండవు, మూలలు తగిలి మోకాళ్లు గీసుకుపోయేవి. వాటి మీదే బలపంతో మొదట అక్షరాలు, తర్వాత మాటలు, ఆ తర్వాత ఖురాన్ వాక్యాలైన ఆయతులు రాశాం.

ఆ పలకలకొక కట్టుబాటు ఉండేది. ఉమ్మితో తుడవకూడదు. స్కూలు పలక మీద ఎంత ఉమ్మినా ఎవరూ అడగరు గానీ ఖురాన్ అక్షరానికి ఉమ్మి తగిలిందంటే అవ్వ చెవి మెలిపెట్టేది. అల్యూమినియం బేసిన్లో నీళ్లు పెట్టేది, అందులోనే కడగాలి. ఆ నీళ్లు కాలవలో పారబోయకూడదు. వాకిట్లో గోరింట చెట్టు ఉంది, దాని మొదట్లో పోయాలి. రంజాన్ పండక్కి ముందు రోజు ఆ చెట్టు ఆకు కోసం వీధంతా వచ్చేది. అక్షరాలు తాగిన చెట్టు కాబట్టి ఎర్రగా పండుతుందని ఆడవాళ్ల నమ్మకం. నిజంగానే పండేది, ఇప్పటికీ పండుతుంది. ఈ సంగతి మా మసీదులో నమాజు చేయించే హజరత్‌కు చెబితే ఏమంటాడోనని ఇంతవరకు చెప్పలేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది అవ్వ చదివే తీరు. ఖురాన్లో బఖరా అనే అధ్యాయం చివర ఒక పొడుగు ఆయతు ఉంది. బరువుల గురించి మనిషి దేవుడితో మొరపెట్టుకునే ఆయతు. పడుకునే ముందు చదువుకోవాలని పిల్లలందరికీ అది నేర్పేది. చదువుతూ చదువుతూ మూడు చోట్ల ఆగేది. ఆగి, కళ్లు మూసుకుని, రెండు మాటలు వెనక్కి పోయి, అక్కణ్నించి మళ్లీ అందుకునేది. ఆ వెనక్కి పోయి అందుకోవడం వినడానికి ఎంత బాగుండేదో చెప్పలేను. మేమంతా సరిగ్గా అక్కడే ఆగేవాళ్లం, కళ్లు కూడా మూసుకునేవాళ్లం. మొదట్లో నేనొక్కదాన్నే ఆగకుండా గబగబా చదివేదాన్ని. “మౌలాబీ ఎక్స్‌ప్రెస్ బస్సు, దోర్నాల దాకా యాడా ఆగదు” అని పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అవ్వ దగ్గరకు తీసుకుని ఏదో చెప్పింది. మర్నాటి నుంచి నేనూ మూడు చోట్లా ఆగడం మొదలుపెట్టాను.

ట్యాబ్ వచ్చిన మొదటి సాయంత్రం దాని ముందు కూర్చుని ఆ ఆయతే చదివాను. నాకు బాగా వచ్చిందని, నా గొంతుకు అదే అందమని నా నమ్మకం. అరవై ఎనిమిది వచ్చింది. మూడు చోట్ల ఎర్రగా వెలిగింది. “ఇక్కడ ఆగకూడదు. ఆగితే అర్థం తెగిపోతుంది. ఈ మాటలను రెండుసార్లు చదివారు,” అని టీచర్ ఆంటీ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ అదే మెత్తని గొంతుతో. కోపం లేకుండా తప్పు ఎత్తిచూపేవాళ్లతో ఎట్లా పోట్లాడాలో నాకు తెలియదు. మళ్లీ చదివాను. మళ్లీ అవే మూడు చోట్లు. మూడోసారి చదువుతుంటే పక్కింటి కుక్కర్ విజిల్ వేసింది, దాన్ని కూడా నా తప్పు కింద రాసుకుంది. ఆ రోజు మొత్తానికి నాకు దొరికిన ఊరట అదొక్కటే.

పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించాను. పదకొండు మందికీ అవే మూడు చోట్ల ఎరుపు. తొమ్మిదేళ్ల రుఖియా అయితే ఆగిన ప్రతిసారీ కళ్లు కూడా మూసుకుంది. ఆ పిల్ల పుట్టేనాటికి దస్తగిరవ్వ పోయి పదిహేడేళ్లయింది.

రెండు రోజుల తర్వాత ఖాదర్‌వలి వచ్చి ట్యాబ్‌లో ఏదో నొక్కి నా ముందు పెట్టాడు. గొంతును గీతగా మార్చి చూపిస్తుందట అది. పదకొండు గీతలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అన్నీ ఒకే చోట తెగాయి, మూడేసి చోట్ల.

“చూడక్కా. ఇది పిల్లల తప్పు కాదు. నీ కాడి నుంచి అంటుకున్న తప్పు.”

“నాకు ఎవురి కాడి నుంచి అంటుకునిందో అది గూడ చెప్పమను నీ ఆంటీని,” అన్నాను.

“నీకు నేర్పించినోళ్లు తప్పు నేర్పించినారు, అంతే కదా. దానికేముంది, దిద్దుకుంటే పోతాది,” అని అరనిమిషంలో తేల్చేసి బండెక్కి పోయాడు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. కోపం ఖాదర్‌వలి మీద కాదు, అవ్వ మీద. చనిపోయి ఇరవై ఆరేళ్లయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం పాపమని తెలుసు, అయినా వచ్చింది. యాభై ఏళ్లుగా నేను పడుకునే ముందు చదివింది తప్పా? మా అమ్మ పోయేటప్పుడు తల దగ్గర కూర్చుని చదివింది తప్పా? ఈ వాకిట్లో చదువుకున్న ఆడవాళ్లు గిద్దలూరులో, కనిగిరిలో, ఇంకా ఎక్కడెక్కడో కాపురాలు చేసుకుంటున్నారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు ఎవరైనా ఆ ఆయతు చదివితే చాలు, ఈమె మా అవ్వ దగ్గర చదివిందని పట్టేసేవాళ్లం. వెంటనే పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకునేవాళ్లం. మా అందరికీ అది పుట్టింటి గుర్తు. ఆ గుర్తే ఇప్పుడు ఎర్రగా వెలుగుతోంది.

ఆ యాప్ గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. మా పిల్లల్లో ఒకతికి నత్తి ఉంది. నలుగురి ముందు నోరు విప్పదు. ఆ పిల్ల ట్యాబ్‌ను మూలకు తీసుకుపోయి ఒకే ఆయతును నలభై సార్లు చదివింది. నలభై సార్లూ ఆంటీ విసుక్కోకుండా వింది. నాకైతే పదోసారికే విసుగొచ్చేది. కాబట్టి అది అబద్ధం చెబుతోందని అనుకోవడానికి నాకు దారి లేకుండా పోయింది.

శనివారం సాయంత్రం జ్ఞానమ్మత్త వచ్చింది. పక్క పాలెంలో ఉంటుంది, డెబ్బై ఎనిమిదేళ్లు. దస్తగిరవ్వతో పాటు అదే ఫ్యాక్టరీలో పని చేసింది. ఆదివారం తప్పకుండా చర్చికి పోతుంది, శనివారం తప్పకుండా మా అరుగు మీద కూర్చుంటుంది. అవ్వ ఉన్నప్పటి అలవాటు అది. ఒళ్లో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తూ పిల్లల చదువు వింటుంది.

టీచర్ ఆంటీ రుఖియాకు “ఇక్కడ ఆగకూడదు” అని చెబుతోంది. జ్ఞానమ్మత్త నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, అది తగ్గేదాకా రొమ్ము పట్టుకుని కూర్చుంది.

“అదేంది మౌలా, దస్తగిరక్క ఆగిన కాడ ఆగొద్దంటాది ఆ ఫోను?”

నా చేతిలో పలక అట్లాగే ఉండిపోయింది. “అవ్వ యాడ ఆగేదో నీకెట్ల తెలుసత్తా?”

“ఎట్ల తెలియదు? పక్కపక్కన కూచొని పని చేసినాం ఎన్నో ఏండ్లు. రాయి రుద్దతా రుద్దతా నోట్లో అదే చదువుకొనేది. వినీ వినీ సగం నాకే వచ్చింది. దుమ్ము లేస్తాది కదా, ఊపిరి చాలేది కాదు ఆమెకు. ఆగేది. దమ్ము తీసుకొని, కొంచెం ఎనక్కి పోయి మళ్ల అందుకొనేది. మాట్లాడేటప్పుడూ అంతే. చెంబుడు నీళ్లియ్యి అనేదానికి గూడ మధ్యలో ఆగేది.”

“మేం చిన్నపిల్లలప్పటికే అట్ల ఉండిందా?”

“అప్పటికే. నాకూ మొదలయింది గానీ నేను మానేసి కోతల పనికి పోయినా, బతికినా. నువ్వూ మానుకోక్కా అంటే ఇనలే. నేను మానితే పిల్లోళ్లకు పలకలు యాడ తెచ్చేది అనింది.”

“మాకెందుకు చెప్పలే?”

“చెప్తే మీ అమ్మోళ్లు పంపిస్తారా మిమ్మల్ని? క్షయ అనుకొని ఈ వాకిలి గూడ తొక్కనీరు.” జ్ఞానమ్మత్త గింజ ఒకటి తీసి చేటలో వేసింది. “మీరంతా ఆమె మాదిరి ఆగతా చదవతావుంటే నాకు నవ్వొచ్చేది. ఏడుపూ వచ్చేది.”

ఆమె వెళ్లిపోయాక నేను చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాను. చివరి రోజుల్లో అవ్వకు ఆయాసం ఉందని మాకు తెలుసు. దగ్గీ దగ్గీ సన్నబడిపోయింది. ఎవరో క్షయ అన్నారు, ఎవరో ఉబ్బసమన్నారు. కానీ అప్పటికి మేము ఆ మూడు చోట్లా ఆగడం నేర్చుకుని ఇరవై ఏళ్లు దాటింది. నలభై ఏళ్ల మనిషికి ఊపిరి చాలదని పదేళ్ల పిల్లకెట్లా తెలుస్తుంది? మేము చదువనుకున్నాం. అది ఆమె రోగం. పదకొండు గీతల్లో తెగిన ఆ చోట్లన్నీ ఆమె ఊపిరి తీసుకున్న చోట్లు.

అప్పుడు గుర్తొచ్చింది, ఎక్స్‌ప్రెస్ బస్సని పిల్లలు నవ్విన రోజు అవ్వ నాతో చెప్పిన మాట. నన్ను దగ్గరకు లాక్కుని తల మీద చెయ్యి పెట్టింది. “నీకు ఊపిరి బాగుంది మౌలా. నన్ను చూసి ఆగబాకు,” అంది. మెల్లగా, నాకొక్కదానికే వినబడేట్టు అంది. నేను ఏడుపులో ఉన్నాను. ఏదో ఓదార్పు మాట అనుకున్నాను. నలుగురిలో నవ్వులపాలు కావడం కంటే ఆగడమే నయమనిపించి మర్నాటి నుంచి ఆగాను. ఆమె అంత తేటగా చెప్పిన మాటను నేనే వినలేదు.

ట్యాబ్‌ను ముందుకు లాక్కుని అడిగాను. దాన్ని ప్రశ్నలు కూడా అడగొచ్చని రుఖియా చెప్పింది. “చదువుతుంటే ఊపిరి చాలక మధ్యలో ఆగిపోతే ఏం చెయ్యాల?” అన్నాను. అది క్షణం తీసుకుని చెప్పింది. ఊపిరి అందక ఆగడం తప్పు కాదట. అయితే ఆగిన చోటి నుంచి ముందుకు పోకూడదు. అర్థం కుదిరేట్టు రెండు మూడు మాటలు వెనక్కి వెళ్లి, అక్కణ్నించి మళ్లీ అందుకోవాలి.

అవ్వ చేసింది అదే. అక్షరం పొల్లుపోకుండా అదే చేసింది. కొమరోలు పక్కన పల్లెలో బాంగు ఇచ్చుకునే నాయన నేర్పిన పద్ధతి ఇది. ఊపిరి బాగున్న మేమంతా ఆమెను చూసి ఆగడమే తప్పు. నేను ట్యాబ్ ముందు కూర్చుని ఏడ్చాను. “మీరు సిద్ధంగా ఉన్నప్పుడు చదవడం మొదలుపెట్టండి,” అంది టీచర్ ఆంటీ.

పిల్లలకు ఆ మూడు చోట్లా ఆగడం మాన్పించాను. ఎందుకో చెప్పలేదు. వాళ్లు నాలుగు రోజుల్లో మానేశారు. రుఖియాకు తొంభై నాలుగు వచ్చింది, వాకిలంతా గెంతింది. పిల్లల గొంతుల్లోంచి అవ్వ ఒక్కొక్క చోటే ఖాళీ చేసి వెళ్లిపోతున్నట్టుంది నాకు. పంపిస్తున్నది నేనే. నాకు మాత్రం పదిహేను రోజులు పట్టింది. ఆ చోటు దగ్గరికి రాగానే కళ్లు వాటంతటవే మూతపడేవి, వాటిని తెరిచి ముందుకు తోసుకుంటూ పోయేదాన్ని. చివరి వారం ఒకసారి తొంభై ఒకటి, ఒకసారి తొంభై మూడు వచ్చాయి. ఇక ఫరవాలేదనుకున్నాను.

పరీక్ష రోజు సాయంత్రం నమాజు అయ్యాక ఖాదర్‌వలి, హజరత్ కలిసి వచ్చారు. హజరత్ ముప్పై ఏళ్లు నిండని కుర్రాడు, కనిగిరి వాళ్ల పిల్లోడు. ఖురాన్ మొత్తం కంఠస్థం వచ్చినవాడు. ఆడమనిషి చదువుతుందని గుమ్మం బయట కుర్చీ వేయించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ట్యాబ్‌ను స్టూలు మీద పెట్టారు. పిల్లలు గోడ వారగా వరుసగా కూర్చున్నారు. శనివారం కాకపోయినా జ్ఞానమ్మత్త అరుగు మీద ఉంది.

ఎవరికి ఏ ఆయతు వస్తుందో యాప్ ఇష్టమట. నాకు ఆ పొడుగు ఆయతే వచ్చింది. నేను ఉలిక్కిపడలేదు, నెల రోజులుగా నా నోట్లో నానుతున్నది అదే. మొదలుపెట్టాను. మొదటి చోటు దాటాను. రెండో చోటు దాటాను. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. మూడో చోటు దగ్గర నా ఊపిరి అయిపోయింది.

కావాలని ఆగలేదు. ప్రమాణం చేసి చెబుతాను. బెదురో, వయసో, చట్రాలు బిగించిన ఆ ఆరేళ్ల దుమ్మో నాకు తెలియదు. రొమ్ములో గాలి లేదు. ఆగాను. కళ్లు మూతపడ్డాయి. గాలి పీల్చుకుని రెండు మాటలు వెనక్కి పోయి, అక్కణ్నించి అందుకుని చివరిదాకా చదివాను. చదువుతున్నంత సేపూ అవ్వ పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

ట్యాబ్ ఒక చోట ఎర్రగా వెలిగింది. ఎనభై ఎనిమిది.

అరనిమిషం మనిషి ఖాదర్‌వలి ఆ రోజు చాలాసేపే తీసుకున్నాడు. “అక్కా, ఇంకోసారి చదువుతావా?” అన్నాడు.

“ఊపిరుంటే అప్పుడే చదివేదాన్ని కదా నాయనా,” అన్నాను.

గుమ్మం బయట నుంచి హజరత్ అడిగాడు. “ఖాదర్ భాయ్, అమ్మ ఆడ ఎందుకు ఆగిందంట?”

“ఆగకూడని కాడ ఆగింది హజరత్. ఎర్రగా వచ్చినాది.”

“ఊపిరి అందక ఆగింది. ఆయాసం నాకు ఈడికి వినపడింది. మీ ట్యాబ్‌కు ఆగిందే వినపడినట్టుంది.” అతను అటు తిరిగే మాట్లాడుతున్నాడు. “ఊపిరి అందకుంటే ఎవురైనా ఆగాల్సిందే. ఆగినాక ఎట్ల అందుకున్న్యారు అనేదే చదువు. ఈమె యాడికి పోవాల్నో సరిగ్గా ఆడికే ఎనక్కి పోయింది. అది నేర్చుకునేదానికి నాకు మదర్సాలో ఏడాది పట్టినాది.” తర్వాత నాతో, “అమ్మా, మీకు ఇది ఎవరు నేర్పించినారు?” అన్నాడు.

ఇరవై ఆరేళ్లుగా చదువు చెబుతున్నాను. ఆ ఫారం తప్ప నన్ను ఆ మాట అడిగిన మనిషి లేడు.

“దస్తగిరమ్మ,” అన్నాను. “పలకల ఫ్యాక్టరీలో రాయి అరగదీసేది. ఈ వాకిలి ఆమెదే.”

“అల్లా ఆమెకు జన్నత్ ఇయ్యాల,” అన్నాడు హజరత్. అరుగు మీద జ్ఞానమ్మత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

అతను ట్యాబ్ తెప్పించుకుని ఒళ్లో పెట్టుకుని ఎక్కడో నొక్కాడు. యాప్ ఇచ్చిన మార్కు సరి కాదనిపిస్తే హజరత్ దిద్దే చోటు కూడా ఉందట అందులో. ఇంతవరకూ ఎవరూ వాడలేదు. ఎరుపు పోయింది. తొంభై ఏడు అని వచ్చింది.

“ఖాదరూ, నేనిచ్చిన ఫారం ఉందా నీ కాడ?” అన్నాను. ఫైల్లోంచి తీసిచ్చాడు. స్టూలు మీద పెట్టుకుని ఏడో గడిలో దస్తగిరమ్మ అని రాశాను. ఎంత పెద్దగా రాశానంటే సర్టిఫికెట్‌కు చోటు మిగల్లేదు. ఖాదర్‌వలి దాన్ని మడవకుండా ఫైల్లో పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం మామూలుగానే పిల్లలొచ్చారు. రుఖియా ఆయతు ఎత్తుకుంది. మొదటి చోటు దాటింది, రెండో చోటు దాటింది. మూడో చోట ఆగింది. కళ్లు మూసుకుని, రెండు మాటలు వెనక్కి పోయి, అందుకుంది. నిన్నటిదాకా తొంభై నాలుగు తెచ్చుకున్న పిల్ల.

“ఎందుకు ఆగినావు?” అన్నాను.

“నిన్న నువ్వు ఆగినావు కదవ్వా. హజరత్ మంచిగుందన్నాడు.”

ఆ పిల్లను దగ్గరకు లాక్కుని తల మీద చెయ్యి పెట్టాను. “నీకు ఊపిరి బాగుంది. నన్ను చూసి ఆగబాకు,” అన్నాను. దస్తగిరవ్వ ఆ మాట మెల్లగా, నాకొక్కదానికే చెప్పింది. నేను గట్టిగా, పదకొండు మందికీ వినబడేట్టు చెప్పాను. నేనెందుకు ఆగానో, నాకు ముందు ఎవరు ఆగిందో, మా పలకల కోసం ఆమె ఎన్నేళ్లు ఆ దుమ్ములో కూర్చుందో అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక పలకలు కడిగి, ఆ నీళ్లు గోరింట మొదట్లో పోయమన్నాను.